గడప బయట చెప్పులు

'కరెంటు కొట్టి పోయాడు' అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కరెంటు ఎవరినీ కొట్టదు. దానికి చేతులు లేవు, ఎవరి మీదా పగ లేదు. వెనక నుంచి నెట్టే వోల్టేజి ఉండి, ముందు దారి ఉంటే పోతుంది. దారిలో అడ్డు ఎక్కువైతే కొంచెం పోతుంది, అడ్డు తగ్గితే ఎక్కువ పోతుంది. పాలిటెక్నిక్ ల్యాబులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు నేను చెప్పింది ఈ మూడు ముక్కలే. వాళ్ళు పరీక్షలో చక్కగా రాసి, బయటికొచ్చి మళ్ళీ 'కరెంటు కొట్టింది సార్' అనేవాళ్ళు. తిట్టిపోసేవాణ్ణి. ఈ భుజంగరావు నోరు మంచిది కాదని మా ఇంట్లోనే చెబుతారు.

అలాంటి నేను మునిలక్ష్మి ముందు మాత్రం ఆ మూడు ముక్కలూ పూర్తిగా చెప్పకుండా తప్పించుకోవాలని చూశాను. ఆమె తప్పించుకోనివ్వలేదు.

రిటైరయ్యాక నేనూ నా భార్యా బెంగళూరు కబ్బన్‌పేటలో ఒక సందులో మేడ మీదికి అద్దెకు వచ్చాం. కింద ఇంటివాళ్ళు ఉంటారు. మునిలక్ష్మి, ఆమె అత్త మారెమ్మ, కాలేజీలో చదివే కూతురు నవ్య. వెనక భాగంలో వాళ్ళ కాపురం, ముందు భాగంలో మగ్గాల షెడ్డు. కరెంటుతో ఆడే పట్టుచీరల మగ్గాలు రెండున్నాయి. పొద్దున అవి మొదలైతే మేడ మీద మా మంచం కూడా అదురుతుంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు కరెంటు లేదు, అందుకే ఆ చప్పుడు సంగతి తెలియలేదు. తెలిసుంటే అడ్వాన్సు ఇచ్చేవాణ్ణి కాదు.

సామాన్లు దించుతుంటే షెడ్డు గడప బయట ఒక జత రబ్బరు చెప్పులు కనిపించాయి. నీలం పట్టీలవి, దుమ్ము పట్టిపోయి ఉన్నాయి. దారికి అడ్డంగా ఎవరు పడేశారని విసుక్కుంటూ కాలితో పక్కకు నెట్టబోయాను. లోపలి నుంచి మారెమ్మ గబగబా వచ్చింది.

"ముట్టొద్దు నాయనా. మా ఓబులేషువి అవి. ఆ పొద్దు వాడు ఇడిచిన కాడే ఉండాయి" అంది.

ఓబులేషు ఆమె కొడుకు, మునిలక్ష్మి భర్త. రెండేళ్ళ కిందట ఆయుధ పూజ రోజున ఆ షెడ్డులోనే చనిపోయాడట. "కరెంటు కొట్టె నాయనా" అని ఆ ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంటే, నేను మొదటిసారి ఎవరినీ తిట్టకుండా ఆ మాట విన్నాను. చెప్పులు దాటుకుని సామాన్లు పైకి మోయించాను.

మునిలక్ష్మిది మడకశిర పక్కన పల్లె. పుట్టింట్లో చేమగ్గం ఉండేది. పెళ్ళయి ఈ సందులోకి వచ్చిన కొత్తలో మోటారు మగ్గాల హోరుకు భయపడి చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేదట. ఓబులేషు నవ్వి, ఆ దూది లాగి పారేసి, దీని కూత అర్థమైతే కంటితో చూడాల్సిన పనే లేదన్నాడట. ఆమె నిజంగానే నేర్చుకుంది. వెనక వంటింట్లో చారుకు తాలింపు పెడుతూనే షెడ్డులో ఏ మగ్గం మీద పోగు తెగిందో చెబుతుంది. సన్నటి మనిషి, మాట తక్కువ. అయితే ఒక మాట పట్టుకుందంటే చివరిదాకా వదలదు. మొగుడు పోయాక మగ్గాలు దొడ్డబళ్ళాపురం వాళ్ళకు అమ్మేసి, ఎక్కడైనా పనికి పొమ్మని బంధువులంతా చెప్పారు. ఆమె వినలేదు. తనే నేయడం మొదలుపెట్టింది.

సాయంత్రాలు బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వచ్చి నా భార్యతో కాసేపు కూర్చునేది. ఓబులేషు పోయిన రోజు సంగతి అలా కూర్చున్నప్పుడే, ఒకసారి కొంత, ఒకసారి కొంత చెప్పింది.

గోడవైపు మగ్గం మోటారు చాన్నాళ్ళుగా కొరికేదట. ముట్టుకుంటే జివ్వుమనేది. ఇంట్లో అందరికీ తెలుసు. దానికి ఓబులేషు చేసిన వైద్యం ఒక చెక్క పలక, ఒక జత రబ్బరు చెప్పులు. మగ్గం ముందు పలక వేసుకుని, చెప్పులు తొడుక్కుని, దాని మీద నిలబడి నేసేవాడు. "కొరికితే కొరకనీ, నేస్తా ఉండాది గదా" అనేవాడట. సీజను అయిపోయాక బాగు చేయిద్దామనుకున్నాడు. మగ్గమున్న ఇంట్లో సీజను ఎప్పుడు అయిపోతుంది?

ఆ చెప్పుల దగ్గరే మొగుడికీ పెళ్ళానికీ ఏడాది పొడుగునా పోట్లాట. వాళ్ళకు మగ్గమంటే దేవుడు. దాని పైన గోడకు చౌడమ్మ అమ్మవారి పటం ఉంది. మారెమ్మ గానీ మునిలక్ష్మి గానీ ఏనాడూ చెప్పులతో షెడ్డులో అడుగు పెట్టలేదు. ఇతను మాత్రం అమ్మవారి ఎదురుగా చెప్పులేసుకుని రోజంతా నిలబడేవాడు. ఆమె గొణిగేది, అతను నవ్వేవాడు.

నవమి రోజున షెడ్డంతా నీళ్ళు కొట్టి కడిగారు. పలకను కూడా కడిగి బయట ఎండకు ఆనించారు. మగ్గాలకు విభూతి పట్టెలు, కుంకుమ, చేమంతి దండలు పెట్టారు, మోటార్లకు కూడా తలా ఒక బొట్టు. బొరుగులూ పుట్నాలూ బెల్లమూ కలిపి పళ్ళెంలో పోశారు. బండలు ఇంకా ఆరలేదు. ఓబులేషు టెంకాయ పట్టుకుని మామూలుగా చెప్పులతోనే వచ్చాడు. మునిలక్ష్మి గడపలో అడ్డం నిలబడింది.

"ఈ పొద్దన్నా చెప్పులు ఇడిచి రాప్పా" అంది.

అతను నవ్వి విడిచాడు. లోపలికొచ్చి టెంకాయ కొట్టాడు. అది కుళ్ళిందని మారెమ్మ మనసులో ఇప్పటికీ ఉంది. హారతి అయ్యాక మగ్గాన్ని ఒక్కసారి ఆడించి, నాలుగు పోగులు నేసి ఆపాలి. అది వాళ్ళ ఆనవాయితీ. అతను స్విచ్చి వేశాడు. వంగి, టెంకాయ నీళ్ళతో తడిసిన చెయ్యే మోటారు మీద ఆనించి దండం పెట్టుకున్నాడు. మళ్ళీ లేవలేదు. గుమ్మం ముందు కొట్టాల్సిన గుమ్మడికాయ కొట్టకుండానే ఉండిపోయింది.

"ఏండ్లపొడుగునా చెప్పులతో అమ్మ ముందర నిలబడె మేష్ట్రూ. అమ్మకు కోపం రాకుండా ఉంటాదా?" అంది మునిలక్ష్మి నాతో. "కానీ ఆఖర్న నా మాట ఇనె. ఒట్టి కాళ్ళతో దండం పెట్టుకుంటా పోయె. అమ్మ కాడికే పోయింటాడు. నాకు ఆ ఒక్క సమాధానం ఉండాది. అది లేకుంటే నేను యాడో పడి సచ్చిందును."

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. అతను ఎందుకు చనిపోయాడో ఆమె చెప్పడం పూర్తి కాకముందే నాకు తెలిసిపోయింది. తడి నేల, తడి చెయ్యి, ఒట్టి కాళ్ళు. ఆమె తన బతుక్కి ఆధారంగా పెట్టుకున్న మాటే అతని ప్రాణం తీసింది. ఈ సంగతి ఈమెకు నా నోటితో చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. మా ఇంట్లో లైట్లు మాటిమాటికీ మినుకుమంటుంటే మెయిన్ బోర్డు చూద్దామని కిందికి దిగాను. షెడ్డులో మునిలక్ష్మి గోడవైపు మగ్గం మీద నేస్తోంది. కాళ్ళకు చెప్పులు లేవు, కింద పలక కూడా లేదు. అడిగితే, అతను పోయాక పలకను పొయ్యిలో పెట్టేశానంది. ఇంక ఈ షెడ్డులో ఎవరూ చెప్పులతో నిలబడరని అమ్మవారికి మొక్కుకుందట. జేబులోంచి టెస్టర్ తీసి మోటారు ఒంటికి ఆనించాను. అందులోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

"ఇది మళ్ళీ కొరుకుతోందా?"

"కొంచెం కొరుకుతాది మేష్ట్రూ. రియాజ్ అన్న కొత్తగా వైరు చుట్టిచ్చినాక ఉండలే. ఈ వానలకి మళ్ళా వచ్చె" అంది మునిలక్ష్మి. ఆమె ముఖంలో భయం లేదు, పైగా ఏదో తృప్తి ఉంది. "అమ్మ ఉండాను అని చెప్తా ఉండాది. పొద్దున్నే స్విచ్చి ఏస్తానే ముట్టి కండ్లకు అద్దుకుంటాము. నేనూ, నవ్యా."

నేను మెయిన్ ఆపేశాను. ఆపి ఏమేమి తిట్టానో నాకు గుర్తు లేదు. మారెమ్మ వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. పక్క సందులో మోటార్లు చుట్టే రియాజ్‌ను నేనే వెళ్ళి లాక్కొచ్చాను. అతను మోటారు విప్పి, తేమ పట్టిందన్నాడు. బండలు లేపి చూస్తే ఎర్త్ వైరు తెగి ఉంది. ఎప్పుడో మురుగు మోరీకి పైపు వేసినవాళ్ళు తెంపేసి, అలాగే మట్టి కప్పి పోయారు. రియాజ్ మోటారు ఆరబెట్టి, కొత్త ఎర్త్ లాగి, ఎక్కడైనా కరెంటు కారితే తనంతట తనే పడిపోయే స్విచ్చి బోర్డులో పెట్టాడు. సాయంత్రానికి మోటారు ఒంటి మీద టెస్టర్ వెలగలేదు. ఇక ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదని, నేను నోరు విప్పాల్సిన పని తప్పిందని ఊపిరి పీల్చుకున్నాను.

మరునాడు మునిలక్ష్మి మేడ మీదికొచ్చింది. బట్టల బుట్ట లేదు.

"ముట్టితే ఏమీ లేదు మేష్ట్రూ. అమ్మ యాడికి పోయె?"

"అది అమ్మ కాదు తల్లీ. కారిపోతున్న కరెంటు. రియాజ్ బాగు చేశాడు, ఆగిపోయింది."

"కరెంటయితే ఆయప్పను తీసుకుని నన్నెట్ల ఇడిచె? మా ఇద్దరి చేతులూ ముట్టినవీ అదే మోటారునే గదా." ఆమె గొంతులో కోపం లేదు. తెగిన పోగు కొస కోసం వెతికేటప్పుడు మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. "నాకు చదువు లేదు. తెలిసేట్ల చెప్పండి."

నేను చూపించడానికి అక్కడ నీళ్ళ ట్యాంకే ఉంది. ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళకు తోపు ఉంటుంది, అది వోల్టేజి అన్నాను. కొళాయిలోంచి వచ్చే నీళ్ళు కరెంటు. కొళాయి కొంచెం తిప్పితే సన్నగా వస్తాయి, పూర్తిగా తిప్పితే ధారగా వస్తాయి. ట్యాంకు ఎత్తు అదే, తోపు అదే. మారేది దారిలోని అడ్డు. దాన్నే రెసిస్టెన్సు అంటారు. ఇంత చెప్పి, ఎర్త్ వైరు గురించి మొదలుపెట్టాను. అక్కడికి తీసుకుపోయి ఆపేద్దామని నా ఉద్దేశం. ఎర్త్ వైరు ఉంటే కారిన కరెంటు దానిలోంచే నేలలోకి పోతుంది, అది తెగింది కాబట్టి మనిషిలోంచి పోయింది, తప్పంతా మోరీ పైపు వేసినవాళ్ళది అన్నాను.

ఆమె ట్యాంకు వైపు, కొళాయి వైపు చూసింది.

"మగ్గం ఎనక నూలు చుట్టిన రోలరుకు తాడేసి బరువు కడతాము" అంది మెల్లిగా. "నూలు ఊరికే జారిపోకుండా. బరువుంటే కొంచెం కొంచెం ఇడుస్తాది. బరువు తీసేస్తే రోలరు గిర్రున తిరిగి నూలంతా ఒక్కసారే జారిపోతాది. మీరు చెప్పే అడ్డం అదేనా?"

"అదే" అన్నాను. అనక తప్పలేదు. అంత సరిగ్గా నా ల్యాబులో ఏ పిల్లాడూ చెప్పలేదు. ఇంకెప్పుడైనా అయితే భుజం తట్టేవాణ్ణి. అప్పుడు మాత్రం ఆమె అక్కడితో ఆగిపోతే బాగుండనుకున్నాను.

"మనిషిలో ఆ బరువు యాడుంటాది?"

"చర్మంలో ఉంటుంది. ఒళ్ళు పొడిగా ఉంటే."

"తడిస్తే?"

"తగ్గిపోతుంది."

"కాళ్ళ కింద పలకుంటే? రబ్బరు ఉంటే?"

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"చెప్పండి మేష్ట్రూ. ఆ పొద్దు ఆయప్ప కాళ్ళకు చెప్పులు ఉండింటే?"

"ఉన్నా పోయేవాడేనమ్మా" అన్నాను. ఇన్నేళ్ళలో కరెంటు గురించి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. "మోటారు ఆ రోజు పూర్తిగా చెడిపోయింది. చెప్పులు ఏం ఆపుతాయి?"

"ఏండ్లపొడుగునా ఆపినాయి గదా" అంది.

ఆమె ఏడవలేదు. చీర కుచ్చిళ్ళ మీద అంటుకున్న పట్టు పోగును తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. తప్పు ఎర్త్ వైరుది, చెడిపోయిన మోటారుది, సీజను అయిపోనీ అన్న ఓబులేషుది కూడా అని నేను ఏదేదో చెబుతూ పోయాను. అన్నీ నిజాలే. ఆమె విని, లేచి నిలబడింది.

"ఎర్త్ వైరు చెప్పులు ఇడిచి రమ్మనలే మేష్ట్రూ. నేనంటిని" అని మెట్లు దిగిపోయింది.

కొన్నాళ్ళు షెడ్డులో చప్పుడు లేదు. వచ్చినప్పటి నుంచీ ఆ హోరును తిట్టుకున్న నాకు ఆ నిశ్శబ్దంలో మధ్యాహ్నం కునుకు కూడా పట్టలేదు. మునిలక్ష్మి మేడ మీదికి రావడం మానేసింది. నవ్య వచ్చి బట్టలు ఆరేసి పోయేది. "అమ్మ సరిగ్గా తినడం లేదు అంకుల్, అడిగితే ఏమీ చెప్పదు" అంది ఒకసారి. ఆ పిల్లకు నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది వాళ్ళమ్మే. ఒంటరిగా ఉన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. దేవుడు తీసుకున్నాడని అనుకుంటే ఆ దేవుణ్ణి నాలుగు తిట్టి, నాలుగు మొక్కి ఎలాగో బతకొచ్చు. ఇప్పుడు ఆమెకు తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

ఒక పొద్దున మగ్గం మొదలైంది. కిందికి దిగుతూ గడప దగ్గర చూస్తే నీలం పట్టీల చెప్పులు లేవు. వాటి కింద ఇన్నాళ్ళూ ఎండ తగలని చోట బండ కొంచెం నల్లగా ఉంది. లోపల మునిలక్ష్మి నేస్తోంది. కడిగిన ఆ చెప్పులు ఆమె కాళ్ళకు ఉన్నాయి. ఆమె పాదాలకు చాలా పెద్దవి, మడమ వెనక బోలెడు ఖాళీ. మోటారుకు ఎర్త్ ఉంది, పడిపోయే స్విచ్చి ఉంది, ఇప్పుడు ఆ చెప్పుల అవసరమే లేదు. ఆ సంగతి చెప్పాలని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పకుండా వెనక్కి వచ్చాను. మారెమ్మ మాత్రం కోడలికి మతి పోయిందని సందులో ఇద్దరు ముగ్గురికి చెప్పుకుని బాధపడింది.

నవమి వచ్చింది. ఓబులేషు పోయాక ఆ షెడ్డులో పూజ చేయడం ఇదే మొదటిసారి. మమ్మల్ని కూడా పిలిచారు. నేల కడగలేదు, పొడిగుడ్డతో తుడిచారు. మగ్గాలకు చేమంతులు, మోటార్లకు బొట్లు, పళ్ళెంలో బొరుగులు, అన్నీ ఉన్నాయి. రియాజ్ కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. మేము అలవాటుగా చెప్పులు బయటే విడిచి వెళ్ళాం. మునిలక్ష్మి మాత్రం కొత్త చీర కింద ఆ నీలం పట్టీల చెప్పులతోనే అమ్మవారి ముందు నిలబడి ఉంది.

పూలబుట్ట పట్టుకుని నవ్య వచ్చింది. గడప దగ్గర ఆగి చెప్పులు విడవబోయింది.

"ఇడవొద్దు. ఏసుకోనే రా" అంది మునిలక్ష్మి.

పిల్ల అయోమయంగా నాయనమ్మ వైపు చూసింది. మారెమ్మ ఇక ఆగలేకపోయింది. "నువ్వు ఏసుకునింది చాలక బిడ్డకు కూడా నేర్పిస్తావా? పూజ పొద్దు. ఈ పొద్దన్నా..." అని మొదలుపెట్టింది.

"ఆ మాట అనొద్దత్తా" అంది మునిలక్ష్మి. "ఆ పొద్దు నేను అన్నదే ఆ మాట. నా మాట ఇని చెప్పులిడిచి లోపలికొచ్చె. నీ కొడుకును అమ్మ తీసుకోలే. చెప్పులుండింటే ఈ పొద్దు ఈడే నిలబడి టెంకాయ కొడతా ఉండును."

మారెమ్మ నా వైపు చూసింది. అవునా కాదా అని అడిగినట్టే ఉంది. నేను తల దించుకున్నాను. ముసలామె గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుండిపోయింది. కోడల్ని ఒక్క మాట అనలేదు. కాసేపటికి, "బిడ్డా, మీ అమ్మ చెప్పినట్ల ఏసుకోనే రా" అంది నవ్యతో.

మునిలక్ష్మి హారతి ఇచ్చింది. టెంకాయ నీళ్ళు చేతి మీద పడితే కొంగుతో తుడుచుకుంది. నాలుగు పోగులు నేయాలి కాబట్టి స్విచ్చి వేసి, వంగి మోటారు మీద చెయ్యి ఆనించింది. ఏమీ కాలేదు. మోటారు మామూలుగా తిరుగుతూ ఉంది.

ఆమె చెయ్యి తీయలేదు. "ఇంతేనా మేష్ట్రూ" అంది. "ఇంతేనా ఉండింది? ఒక్క వైరేనా?"

నేను అవునన్నాను. ఆమె ఓబులేషు చెప్పులతోనే మగ్గం ముందు చతికిలబడి, మేము ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. రియాజ్ వెళ్ళి మగ్గం ఆపాడు.